పౌర సంబంధాల కొలువులో గుర్తింపు ఎట్లా వస్తుంది?

ప్రశ్న: మా అమ్మాయి నల్లగొండలో డిగ్రీ పూర్తిచేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో జర్నలిజం పీజీ చదువుతోంది. సర్కారు పౌర సంబంధాల విభాగంలో చేరాలని ఆమె కోరిక. ‘ఎంత రాసినా పేరు పెద్ద సార్లకే పోతది’ అని చుట్టాలు అంటున్నారు. నిజమేనా?
– ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: సగం నిజమే. పత్రికా ప్రకటన కలెక్టర్ మాటగానో, కమిషనర్ మాటగానో అచ్చవుతుంది తప్ప రాసినవారి పేరు ఉండదు. అయినా మంచి పనికి గుర్తింపు దొరికే దారులు ఉన్నాయి. చాలామందికి అవి అందకపోవడానికి కారణం, చేసిన పనికి రుజువు దాచుకోకపోవడమే.

కొలువులోకి వచ్చే దారులు క్లుప్తంగా. కేంద్రంలో ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ గ్రూప్-ఏకి సివిల్స్ పరీక్షే మార్గం. జనరల్ అభ్యర్థులకు వయోపరిమితి 32 ఏళ్లు, 6 ప్రయత్నాలు. ఓబీసీలకు 35 ఏళ్లు, 9 ప్రయత్నాలు. గ్రూప్-బి పోస్టులకు యూపీఎస్సీ విడిగా ప్రకటన ఇస్తుంది, జర్నలిజం చదువు అక్కడ అక్కరకొస్తుంది. రాష్ట్రంలో సమాచార, పౌర సంబంధాల శాఖ ఉంది. జిల్లాల్లో డీపీఆర్వో (జిల్లా పౌర సంబంధాల అధికారి), ఏపీఆర్వోలు (సహాయ పౌర సంబంధాల అధికారులు) దాని తరఫున పనిచేస్తారు.

ఇక గుర్తింపు. అన్నిటికంటే దగ్గరిది జనవరి 26, జూన్ 2, ఆగస్టు 15 వేడుకల్లో జిల్లాకేంద్రంలో ఇచ్చే ప్రశంసాపత్రం. దాన్ని చిన్నచూపు చూడొద్దు, సర్వీసు రికార్డులో పనికొస్తుంది. ఓటరు చైతన్యంపై మంచి పని చేసినవారికి జనవరి 25న, జాతీయ ఓటర్ల దినోత్సవం నాడు ఎన్నికల సంఘం అవార్డులు ఇస్తుంది. ఏప్రిల్ 21న సివిల్ సర్వీసెస్ డే సందర్భంగా ఇచ్చే ప్రధానమంత్రి అవార్డులు మాత్రం జిల్లాకో, సంస్థకో వెళ్తాయి. అందుకే ప్రచారం మొదలయ్యే రోజే ఎవరి బాధ్యత ఏమిటో ఫైల్లో నోట్ రాయించుకోవాలి. అది లేకపోతే తర్వాత ‘ఈ భాగం నేను చేశాను’ అని చూపడానికి కాగితం ఉండదు. 1958లో ఏర్పడిన పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా కూడా ఏటా అవార్డులు ఇస్తుంది. అది ప్రభుత్వ సంస్థ కాదు కాబట్టి శాఖ నుంచి ముందే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. కేంద్ర ఉద్యోగులైతే ప్రైవేటు సంస్థ అవార్డులో నగదు ఉండకూడదన్న నిబంధన కూడా చూసుకోవాలి.

అవార్డు నామినేషన్లు ఎక్కువగా వీగిపోయేది ఒక్కచోటే. వంద పేపర్ కటింగులు, వేదిక మీద పెద్దల ఫొటోలు జతచేస్తారు. జనంలో ఏం మారిందో ఉండదు. మహబూబ్‌నగర్‌లో ఒక వార్డులో తడి, పొడి చెత్త వేరుచేయడంపై ప్రచారం చేస్తున్నారనుకోండి. మొదలుపెట్టకముందే 100 ఇళ్లు ఎంచుకుని, వారం రోజులపాటు ఎన్ని ఇళ్లు వేరుచేసి ఇస్తున్నాయో రాసుకోవాలి. ఆటో మైకు, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళలతో ఇంటింటి ప్రచారం అయ్యాక నెల ఆగి, మళ్లీ అవే ఇళ్లు చూడాలి. ప్రచారం ముగిసిన మర్నాడే లెక్కపెడితే వచ్చేది నాలుగు రోజుల ఉత్సాహం మాత్రమే. ప్రచారం చేయని ఇంకో వార్డుతో కూడా పోల్చి చూడాలి. అదే నెలలో కొత్త చెత్త బండ్లు వచ్చి ఉంటే ఆ మాట దాచకుండా రాయాలి. మార్పు మీ మాట వల్లా, బండి వల్లా అని జడ్జీలు మొదట అడిగేది అదే. ఖర్చు రూపాయల్లో చూపాలి.

ఇంకోటి, కటింగుల్లో ఎన్నడూ కనిపించని నేర్పు. ‘నీళ్లు కాచి చల్లార్చి తాగండి’ అనే నినాదం క్రిములకు సరైనదే. మర్రిగూడ, మునుగోడు లాంటి ఫ్లోరైడ్ చూసిన ప్రాంతాల్లో అదొక్కటే చెబితే ప్రమాదం. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. నీళ్లు తేటగా ఉంటాయి, వాసన ఉండదు, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటినా కంటికి తెలియదు. పైనుంచి వచ్చిన పోస్టర్‌ను అట్లాగే అతికించకుండా, ఊరి నీటి పరీక్ష ఫలితం చూసి మాట మార్చి రాసిన ఉద్యోగే నా దృష్టిలో అసలు అవార్డుకు అర్హులు. అలా మార్చినప్పుడు పాత పోస్టర్, కొత్త పోస్టర్, మార్చిన కారణం మూడూ ఒకే ఫైల్లో ఉంచాలి.

మీ అమ్మాయి కొలువు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. సెలవుల్లో దేవరకొండలో మీ వార్డులోనే, మున్సిపల్ ఆఫీసులో చెప్పి, పైన రాసిన చెత్త లెక్క 30 ఇళ్లతో చేయమనండి. రిపోర్టు రెండు పేజీలు దాటొద్దు, ఫొటోలు నాలుగు చాలు. ముందు, తర్వాత అంకెలు మొదటి పేజీలోనే ఉండాలి. ఇంటి యజమానుల పేర్లు రాయొద్దు, ఇంటికో వరుస సంఖ్య ఇస్తే సరిపోతుంది.