వార్డులో అందరికీ చెప్పేదాన్ని, నా జ్వరానికి నేనే మందు వేసుకున్నాను

ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు ఒంట్లో బాగోకపోతే సొంతంగా మందులు వేసుకుంటారా, వాళ్లకి తెలుసు కాబట్టి ఫరవాలేదా అని అడిగారు. మొదటిదానికి జవాబు: వేసుకుంటాం. రెండోదానికి నా సంగతే చెప్తాను.

నేను ఒడిశా రాయగడ జిల్లాలో పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సుని. మాది గుణుపురం. ఇంట్లో తెలుగు, వార్డులో ఒడియా, కొండల మీంచి వచ్చే సవరవాళ్లతో రెండూ కలగలిపి నెట్టుకొస్తాం.

మాకు జ్వరమొస్తే ఓపీ చీటీ రాయించుకుని లైన్లో నిలబడటం నామోషీ. సెలవడిగితే ఆ రాత్రి డ్యూటీ ఎవరి నెత్తినో పడుతుంది, వాళ్ల మొహం చూడలేం. ఏప్రన్ జేబులో సగం అయిపోయిన స్ట్రిప్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఇంక డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్తాం?

మూడేళ్ల కిందట శ్రావణమాసంలో ఒళ్లు నొప్పులు, సాయంత్రానికి చలి. వైరల్ అనుకుని పారాసిటమాల్ 650, దాంతోపాటు అజిత్రోమైసిన్ 500 మూడు రోజులు వేసుకున్నాను. వైరల్ అనుకున్నదానికి యాంటీబయాటిక్ ఎందుకంటే నా దగ్గర జవాబు లేదు. చేతిలో ఉంది, వేసుకున్నాను. చెమటపట్టి జ్వరం దిగేది. మందు పట్టిందనుకునేదాన్ని. మళ్లీ వచ్చేది.

ఐదో రోజు మా వీధి ఆశా దీదీ ఏదో పనిమీద ఇంటికొచ్చింది. నన్ను చూడగానే, "సిస్టర్, రక్తం చూసుకున్నారా?" అంది. నవ్వేశాను. రాయగడ, కోరాపుట్, మల్కనగిరి అంటేనే మలేరియా. జ్వరమొస్తే ఆ రోజే రక్తం చూపించుకోండని వచ్చినవాళ్లందరికీ చెప్పేది నేనే! ఆవిడ నా నవ్వు పట్టించుకోలేదు. సంచిలోంచి కిట్ తీసి వేలు పొడిచి, ఒక చుక్క రక్తం వేసి, పక్కన మందునీళ్ల చుక్కలు వేసింది. ఒక గీత వస్తే టెస్ట్ సరిగ్గా అయినట్టు. దాని పక్కన ఇంకోటి వస్తే మలేరియా. పావుగంటసేపు ఆవిడ నా వంక చూడలేదు, పట్టీ వంకే చూస్తూ కూర్చుంది. రెండో గీత వచ్చింది. ఫాల్సిపారం, మలేరియాల్లో ప్రమాదకరమైన రకం.

అది మెదడుకెక్కితే మనిషి ఎలా అయిపోతాడో మా వార్డులో చూసినదాన్నే. వచ్చిపోతూ ఉండటం ఆ జ్వరం గుణం, నా మాత్రల గొప్ప కాదు. మూడు రోజులు ఏసీటీ అనే మలేరియా మందు, రెండో రోజు ఒక్కసారి ప్రైమాక్విన్ అనే ఇంకో మలేరియా మందు. ప్లేట్‌లెట్లు పడిపోయి రెండు రోజులు మా వార్డులోనే, నేను రోజూ దుప్పటి మార్చే మంచం మీదే పడుకున్నాను.

అప్పుడు ఆలోచిస్తే అర్థమైంది. డాక్టరుగారు ఏం రాస్తారో మాకు కంఠతా వచ్చు. రాసేముందు ఆయన పొట్ట నొక్కడం, కనురెప్ప కిందకి లాగి చూడటం, "రిపోర్టు రానీ" అని ఏమీ రాయకుండా వెళ్లిపోవడం, వీటిని మేం లెక్కలోకే తీసుకోం. 2020 మార్చిలో, కరోనా మొదట్లో, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రల సంగతీ ఇంతే. కరోనా రోగుల్ని చూసే ఆసుపత్రి సిబ్బంది ముందుజాగ్రత్తగా వాడొచ్చని కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ చెప్పింది, కానీ డాక్టరు రాసిస్తేనే అని కూడా చెప్పింది. మేం ఆ రెండో మాట చదవలేదు. మా కొలీగ్ ఒకావిడ ఇంటిల్లిపాదికీ పంచింది.

నన్నడిగితే వీటన్నిటికన్నా చెడ్డ అలవాటు నడుంనొప్పికి ఒకరికొకరు డైక్లోఫినాక్ ఇంజక్షన్ పొడుచుకోవడం. అది నొప్పిని తగ్గిస్తుంది, నిజమే. అలా నెలల తరబడి పొడుచుకుంటే కిడ్నీల మీద పడుతుంది, బీపీ పెరుగుతుంది. మాకు తెలియక కాదు, నైట్ డ్యూటీలో పొద్దున్న ఆరింటిదాకా నిలబడాలి మరి.

తలనొప్పొస్తే ఇప్పటికీ ఎవర్నీ అడక్కుండా పారాసిటమాల్ వేసుకుంటాను, అబద్ధమెందుకు. ఒళ్లు వెచ్చబడితే మాత్రం ముందు ఆశా దీదీకే ఫోన్ చేస్తాను. ఆవిడ నన్ను ఇంకా ఏడిపిస్తూనే ఉంటుంది.