నాన్న ఎక్కడున్నాడని అమ్మ అడిగితే

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నాన్న పోయి పది నెలలైంది. పెళ్లయ్యాక క్రైస్తవంలోకి వెళ్లిన అన్న సంవత్సరీకానికి కర్తగా కూర్చోనంటున్నాడు. అంతటితో ఊరుకోక 'నాన్న రక్షణ పొందకుండానే పోయాడు' అని అమ్మ ముందే అన్నాడు. నాకు దేవుడి మీదే నమ్మకం లేదు. కోపంలో 'స్వర్గమూ లేదు నరకమూ లేదు, మిగిలేది బూడిదే' అనేశాను. నెల రోజులుగా అమ్మకు నిద్ర లేదు. 'మీ నాయన్ను వాడు నరకంలో ఏసె, నువ్వు యాడా ల్యాకుండా జేస్తివి' అంటోంది. ఆమె కోసం నేను నమ్మినట్టు నటించాలా?

జవాబు: నటించొద్దమ్మా. నటిస్తే మీ అమ్మ ఇట్టే పసిగడుతుంది. మీరూ మీ అన్నా మోక్షం గురించి వాదించుకుంటూ, మీ మాటే నిజమని రుజువు చేయడానికి నాన్నను మధ్యలోకి లాగారు. ఆమెకు మాత్రం ఆయన కాపురం చేసిన మనిషి. ఎవరు గెలిచినా ఓడేది ఆమే.

ఈ చిక్కు మీ ఇంట్లో కొత్తగా పుట్టిందేం కాదు. కఠోపనిషత్తులో నచికేతుడనే కుర్రాడు యముణ్ణే అడిగాడు: చనిపోయాక మనిషి ఉంటాడని కొందరు, లేడని కొందరు అంటారే, ఏది నిజమని. 'దేవతలకే తేలని సందేహం, ఇంకో వరం కోరుకో' అని ఆయన మొదట తప్పించుకోజూశాడు. మీ వైపు మాటా పాతదే. కాలి బూడిదైన దేహం మళ్లీ ఎలా వస్తుందని, పరలోకాన్ని నమ్మని చార్వాకులు ఏనాడో అడిగారు. కాకులకు పిండాలు పెట్టేవాళ్లను వేమన తిట్టిపోశాడు. (ఆయన సమాధి ఉన్న కటారుపల్లెలో ఇప్పుడు ఆయనకే గుడి కట్టి మొక్కుతున్నారు, అది వేరే సంగతి.)

మీ అన్న మాట కటువుగా ఉంది, నిజమే. కానీ క్రీస్తును నమ్మితేనే రక్షణ అని మనసారా నమ్మే కొడుక్కి తండ్రి తలపుకొస్తే భయమే కలుగుతుంది. ఆ భయమే అలా నోటికొచ్చి ఉంటుంది. క్రైస్తవంలోనూ దీనిమీద అందరిదీ ఒక్క మాట కాదు. ప్రొటెస్టెంట్ సంఘాల్లో చాలామంది చనిపోయినవారి కోసం ప్రార్థించరు. కాథలిక్కులు ప్రార్థిస్తారు, నవంబరు 2 వాళ్లకు అందుకోసమే ఉన్న రోజు. తమ తప్పేమీ లేకుండా సువార్త తెలియక, మనస్సాక్షి చెప్పినట్టు బతికినవాళ్లకూ రక్షణ దొరకవచ్చని 1964లో కాథలిక్ బిషప్పుల రెండో వాటికన్ మహాసభ ప్రకటించింది. ఇవన్నీ మీ అన్న ముందు ఏకరువు పెట్టమని కాదు, పెడితే మళ్లీ వాదనే. వదిన లేనప్పుడు ఒక్కటే అడగండి: 'తీర్పు దేవుడిదని నువ్వే అంటావు గదన్నా, నాన్న మీద నువ్వెందుకు చెప్పడం?'

కర్తగా కూర్చోమని మాత్రం ఆయన్ను బలవంతపెట్టకండి. కూతురి కొడుక్కీ ఆ అధికారం ధర్మశాస్త్రాల్లో ఉంది. మీకు కొడుకుంటే, వాడు సరేనంటే పురోహితుణ్ణి అమ్మ చేతే అడిగించండి. లేదంటే మీ చిన్నాన్న కొడుకులెవరైనా ఉంటారు. పుష్పగిరిలో పెన్న ఒడ్డున చేయాలని ఆమె కోరుకుంటే, కారులో తీసుకుపోయే పని అన్నకు అప్పజెప్పండి. తండ్రి కోసం తనకూ ఒక పని ఉండాలి కదా. అక్కడి భోజనం తినకపోతే అలగొద్దు. అర్పించిన తిండి తినొచ్చా అన్న తర్జనభర్జన బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన లేఖలోనే ఉంది, మీ అన్న వెనకాడితే అది మీమీద కోపం కాదు.

మీరు మంత్రాలు చెప్పక్కర్లేదు, నువ్వులూ నీళ్లూ వదలక్కర్లేదు. విస్తళ్లు వేయండి, అమ్మ పక్కన కూర్చోండి. ఇందులో అబద్ధమేమీ లేదు. బూడిద మాటకు క్షమాపణ అడగండి. మీ అభిప్రాయం మీ దగ్గరే ఉండనీండి, ఆ మాట ఆమెతో అన్న తీరుకు అడగండి. 'మీ నాయన యాడుండాడే?' అని ఆమె అడిగితే, 'నీకేమనిపిస్తాందిమా?' అని ఆమెనే చెప్పనివ్వండి. మధ్యలో దిద్దొద్దు.

నిద్ర సంగతి మాత్రం ఆలస్యం చేయకండి. నెల రోజులంటే తక్కువ కాదు, తిండి కూడా తగ్గి ఉంటే ఈ వారమే డాక్టరుకు చూపించండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఖర్చేమీ ఉండదు. ఆమె మాట్లాడనంటే ముందు మీరే చేసి మాట్లాడండి.