ఏడో నెలలో మడమ నొప్పా? ముందు ఇంట్లో చెప్పులు తొడుక్కోండి

ఏడో నెల, పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో ముల్లు దిగినట్టు ఉంటోంది, వచ్చే వారం సీమంతం, ఏ మాత్ర వేసుకోవచ్చు అని అడిగారు. మాత్రల సంగతి తర్వాత. ముందు ఇది చెప్పండి: ఇంట్లో మీ కాళ్లకు ఏం తొడుక్కుంటున్నారు?

హైదరాబాద్ ఫ్లాట్లలో హాలు నుంచి వంటింటి దాకా విట్రిఫైడ్ టైల్సో, గ్రానైటో. రోజంతా దాని మీద వట్టికాళ్లతో తిరుగుతూ మడమకు ఏం రాసినా లాభం లేదు. సగం మందికి ఇంట్లో చెప్పులు తొడిగితేనే తేడా తెలుస్తుందని నా గట్టి నమ్మకం. "ఇంట్లో చెప్పులేంటమ్మా" అనే అత్తగారు ప్రతి ఇంట్లో ఉంటారు. గుమ్మం దాటని జత ఒకటి విడిగా పెట్టుకుని, పూజ గది బయట విప్పుతానని చెప్పండి.

మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పొర ఉంటుంది, ప్లాంటార్ ఫేషియా అంటారు. అరికాలి వంపు కుంగకుండా పట్టి ఉంచేది అదే. కడుపుతో ఉన్నప్పుడు పదీ పన్నెండు కిలోలు పెరుగుతారు, పొట్ట ముందుకొచ్చి బరువు పడే తీరు మారుతుంది, హార్మోన్ల వల్ల కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లు వదులవుతాయి. వంపు కుంగి ఆ పొర సాగుతుంది, లాగుడంతా మడమ దగ్గర అతుక్కున్న చోట పడుతుంది. రాత్రంతా పాదం కిందికి వాలి ఉండటంతో పిక్కా, ఆ పొరా బిగుసుకుంటాయి. పొద్దున ఒక్కసారిగా బరువు వేస్తే కలుక్కుమంటుంది. నాలుగడుగులు వేశాక తగ్గి సాయంత్రానికి మళ్లీ మొదలైతే ఇదే అనుకోవచ్చు, దీనికి ఎక్స్‌రే అక్కర్లేదు. "మడమలో ఎముక పెరిగిందేమో" అని పక్క ఫ్లాట్ ఆంటీ భయపెడితే వినకండి, ఆ ఎముక నొప్పి లేనివాళ్లలోనూ కనిపిస్తుంది. కాల్షియం గోళీలు డాక్టర్ చెప్పినట్టు వేసుకోండి, కానీ అవి మడమ నొప్పికి మందు కాదు.

కాలు కింద పెట్టకముందే చేయాల్సింది ఒకటుంది. నొప్పి కాలిని ఎత్తి రెండో తొడ మీద పెట్టుకుని వేళ్లు వెనక్కి లాగమని చాలాచోట్ల రాస్తారు, ఏడో నెల పొట్టతో అదెలా కుదురుతుందో రాసినవాళ్లే చెప్పాలి. మీరు మంచం మీదే కాలు చాపి, చున్నీని పాదం కింద వేళ్ల మొదళ్ల దగ్గర వేసి, రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగండి. మోకాలు వంగకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. 30 సెకన్లు చొప్పున 3 సార్లు. తర్వాత మంచం పక్కనున్న చెప్పుల్లోకే కాలు దిగాలి.

పగలు రెండుసార్లు గోడకు చేతులు ఆనించి పిక్క సాగదీయండి. నొప్పి కాలు వెనక్కి, మడమ నేలకు, వేళ్లు నేరుగా గోడవైపు. ఇక్కడే చాలామంది వేళ్లను బయటికి తిప్పేస్తారు, దాంతో వంపు ఇంకా కుంగుతుంది. సాయంత్రం అర లీటరు సీసాలో ముప్పావు వంతు నీళ్లు పోసి (నిండా పోస్తే గడ్డకట్టి పగులుతుంది) ఫ్రీజర్‌లో పెట్టి, పల్చటి బట్ట చుట్టి, కుర్చీలో కూర్చుని అరికాలి కింద 10 నిమిషాలు దొర్లించండి. నిలబడి వద్దు, జారిపడతారు.

చెప్పులకు కోఠీ వెళ్లినా మాల్‌కి వెళ్లినా సాయంత్రమే వెళ్లండి, పాదాలు వాచి అసలు కొలత తెలిసేది అప్పుడే. చేత్తో వంచి చూస్తే వేళ్ల దగ్గరే వంగాలి, నడుమ మడత పడితే వద్దు. బట్ట పిండినట్టు తిప్పి చూస్తే మెలి తిరగకూడదు. మడమ వైపు 2 నుంచి 3 సెంటీమీటర్లు ఎత్తు, వెనక పట్టీ, లోపల వంపుకు ఆసరా ఉండాలి. హవాయి చెప్పులు ఇందులో దేనికీ పనికిరావు. ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు మెత్తగానే ఉంటాయి కానీ చాలావాటికి వంపు ఉండదు. షూలో మడమ కింద పెట్టుకునే సిలికాన్ మడమ కప్పులు కొంటే రెండు కాళ్లకూ వేసుకోండి, లేదంటే ఒక కాలు ఎత్తవుతుంది. అవి మడమకే, అరికాలి వంపు నొప్పికి పనిచేయవు.

ఇక సీమంతం. గాజులు తొడిగేటప్పుడు కుర్చీలోనే ఉంటారు, ఇబ్బంది లేదు. మిమ్మల్ని దెబ్బతీసేది ఫొటోగ్రాఫర్. ఫంక్షన్ హాల్ గ్రానైట్ మీద వట్టికాళ్లతో నిలబెట్టి, "మేడమ్, ఇంకొక్కటి" అంటూ చుట్టాలందరితో తీస్తాడు. నిలబడే ఫొటోలు మొదటి ఇరవై నిమిషాల్లో ముగించి, మిగతావి కూర్చునే అని ముందే చెప్పేయండి. నిలబడే చోట తివాచీ కింద యోగా మ్యాట్ పరిపించండి, కుర్చీ ముందు చిన్న పీట వేయించండి. రాళ్లు పొదిగిన పల్చటి చెప్పులు పక్కన పెట్టి, పట్టుచీర కింద మామూలు స్పోర్ట్స్ షూ వేసుకోండి, ఎవరికీ కనబడవు. షూ తొడుక్కున్నాకే చీర కట్టించుకోవాలి, లేకపోతే కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడతాయి. అదే రోజు బిర్లా మందిర్ మెట్లు ఎక్కే ఆలోచన మాత్రం మానుకోండి.

మాత్రలంటారా, డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ మీ అంతట మీరు వేసుకోవద్దు. 20 వారాలు దాటాక అవి బిడ్డ మూత్రపిండాలపై పనిచేసి ఉమ్మనీరు తగ్గించొచ్చు. నొప్పి జెల్లుల్లో, స్ప్రేల్లో చాలావాటిలో ఉండేదీ డైక్లోఫినాకే, లేబుల్ చదవండి. పారాసెటమాల్ కూడా మీ డాక్టర్‌ను అడిగే వేసుకోండి.

ఒక కాలే వాచి పిక్కలో నొప్పి, వేడి ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, మర్దన చేయించకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ముఖం, చేతులు ఉన్నట్టుండి వాచినా, తలనొప్పితో చూపు మసకబారినా అంతే, అది బీపీ కావచ్చు.

కాన్పయ్యాక బిడ్డను ఎత్తుకుని తిరిగే నెలల్లోనూ ఇంటి చెప్పులు మానొద్దు. కొందరికి పాదం కాస్త పొడవై అలాగే ఉండిపోతుంది, పాత సైజు బిగుతైతే ఎవరికైనా ఇచ్చేయండి.