చియా పుడ్డింగ్ ఎందుకు చేదెక్కింది?

ప్రశ్న: మామిడి, అనాస పొరలతో ఆవుపాల చియా పుడ్డింగ్ చేశాను. గింజలు ఉండకట్టాయి, అనాస పొర దగ్గర చేదెక్కింది. ఎందుకు? – ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మొదటిసారి నాకూ ఇంతేనమ్మా. మా మనవడు దానికి 'కప్పగుడ్లు' అని పేరు పెట్టాడు! కప్పు పాలకు 3 పెద్ద చెంచాల చియా చాలు. కలిపి వదిలేయకండి. 10 నిమిషాలాగి మళ్లీ గిలక్కొడితే ఉండలు విడిపోతాయి. తర్వాత రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి.

చేదుకు కారణం అనాసే. ఉడికించని అనాసలో ఉండే బ్రొమిలైన్ అనే ఎంజైమ్ పాల ప్రొటీన్లను విడగొడుతుంది. ముక్కల్ని కాస్త బెల్లంతో 5 నిమిషాలు ఉడికించి, బాగా చల్లార్చి వేయండి. మామిడికి ఆ టెన్షన్ లేదు. అయితే బంగినపల్లి గుజ్జే వాడండి, రసాలు వేస్తే పొర నిలవదు, జారిపోతుంది.

అన్నట్టు, మీరు కొన్నది చియాలాగే కనిపించే సబ్జా కాదు కదా?