ఓడ చుట్టూ వల కడితే టార్పెడో ఆగుతుంది కదా, మరి ఎందుకు మానేశారు?

వలలు చీల్చే కట్టర్లను టార్పెడోల ముక్కుకి బిగించారని, అందుకే మానేశారని అందరూ చెప్తారు. అది సగం మాటే. నేను వలల ఇంట్లో పుట్టినవాణ్ని. నన్నడిగితే వల ముందు సొంత ఓడనే ఆపేస్తుంది, అసలు కారణం అది.

మా పెదనాన్నకి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఉండేది. ఇంటర్ సెలవుల్లో ఒకసారి నేనూ వెళ్లాను. తెల్లారుజామున వల లాగుతుంటే బోటు కాస్త వెనక్కి జరిగింది, అంతే. ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. "వల తినేసిందిరా" అన్నాడు పెదనాన్న. ఒక కళాసీ నడుముకి తాడు కట్టుకుని, కత్తి తీసుకుని దిగాడు. పైకొచ్చిన ప్రతిసారీ గుప్పెడు వల పీలికలు. రాపిడి వేడికి నైలాన్ కరిగి, ప్రొపెల్లర్‌ని తిప్పే షాఫ్ట్ చుట్టూ ముదురు పాకంలా గట్టిపడిపోయింది. రెండు గంటలు పట్టింది. బోటు అలలకి అడ్డం తిరిగిపోయింది, నేను వాంతులు చేసుకుంటూనే ఉన్నా. ఆ కోసిన పీలికలన్నీ మళ్లీ సముద్రంలోకే విసిరేశారు. ఇంకో బోటుకి చుట్టుకోదా అంటే "సముద్రం పెద్దదిలే" అన్నారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది నైలాన్. యుద్ధనౌకలవి ఉక్కు రింగులు అల్లిన వలలు, పక్కకి చాచిన దూలాలకి వేలాడదీసేవారు. 1916లో బ్రిటన్, జర్మనీ నౌకాదళాలు తలపడ్డ జట్లాండ్ యుద్ధంలో జర్మన్ల యుద్ధనౌక డెర్‌ఫ్లింగర్ వల దెబ్బతిని వేలాడింది. ప్రొపెల్లర్లకి చుట్టుకుంటుందన్న భయంతో యుద్ధం మధ్యలోనే ఇంజిన్లు ఆపాల్సొచ్చింది. ఆ టెన్షన్ నాకు తెలుసు!

లంగరేసిన ఓడకి వల బాగానే పనిచేసింది, కాదనను. 1904 డిసెంబర్‌లో పోర్ట్ ఆర్థర్ దగ్గర రష్యా ఓడ సెవాస్తపోల్ మీదికి జపాన్ వాళ్లు వరసగా రాత్రిళ్లు దాడి చేస్తే, చాలా టార్పెడోలు వలల దగ్గరే ఆగాయి. కానీ 1915 మే 27న టర్కీలోని గల్లిపోలీ దగ్గర బ్రిటిష్ యుద్ధనౌక మెజెస్టిక్ కూడా వలలు దించుకునే ఉంది. జర్మన్ జలాంతర్గామి యూ-21 వదిలిన టార్పెడో వాటిని దాటుకుని తగిలింది, ఓడ నిమిషాల్లో బోల్తా పడింది. అదే జలాంతర్గామి రెండు రోజుల ముందు ఇంకో బ్రిటిష్ యుద్ధనౌక ట్రయంఫ్‌ని కూడా వలలుండగానే ముంచింది.

తర్వాత వలలు ఓడల్ని వదిలి హార్బర్లకి చేరాయి. అక్కడా మా ఊళ్లో చేసే పనే చేశారు, అరకొరగా. 1940 నవంబర్‌లో తమ నౌకాదళ హార్బర్ టరాంటోలో ఇటలీ వాళ్లకి 12,800 మీటర్ల వల కావాలి, వేసింది 4,200. అదీ అడుగుదాకా దిగలేదు. బ్రిటిష్ టార్పెడోలు కిందనుంచి దూరి వెళ్లాయి. అడుగుదాకా వల దించకపోతే చేప తప్పించుకుంటుందని మా పెదనాన్న దగ్గర పనిచేసే చిన్న కుర్రాడికి కూడా తెలుసు.

ఆ రోజు మాకు డీజిల్ డబ్బులు కూడా రాలేదు. షాఫ్ట్ నుంచి కోసిన నైలాన్ ముద్ద ఒకటి నేను దాచుకున్నా. ఇప్పుడు మా ఇంట్లో తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడుతున్నాం.