సల్సా నేర్చుకుంటున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

సల్సాలో అడుగులన్నీ వచ్చినా పాటతో కుదరడం లేదని రాశావు. మృదంగం వాయించేవాణ్ణి కనుక నాకు తోచింది చెబుతాను. కొన్నాళ్లు కాళ్లను పక్కనపెట్టి చేతులతో మొదలుపెట్టు.

ఒకటి నుంచి పదహారు దాకా సమానంగా లెక్కపెడుతూ 1, 4, 7, 11, 13 అంకెల మీద చప్పట్లు కొట్టు. సల్సా పాటలకు ఆధారమైన ఈ లయ వరసే క్లావే. గట్టి చెక్కతో చేసిన రెండు పొట్టి కర్రల మీద దీన్ని వాయిస్తారు. చాలా పాటల్లో ఆ కర్రలు వినిపించనే వినిపించవు, కానీ పియానో, ట్రంపెట్, గాయకుడి గొంతు అన్నీ ఈ అయిదు దెబ్బలకు ఒదిగే నడుస్తాయి. మొదటి సగంలోని మూడు దెబ్బలు లయను లాగుతాయి, తర్వాతి రెండూ దాన్ని సర్దుతాయి. కొన్ని పాటల్లో ఆ రెండు దెబ్బలే ముందొస్తాయి. చేతులకు పట్టుబడ్డాక, ఏడు మీది దెబ్బను ఎనిమిదికి జరుపు. అది రుంబా అనే క్యూబా ఆటపాటల్లో వాయించే క్లావే. ఆ ఒక్క మార్పుతో నడక ఎంత మారిపోతుందో గమనించు!

పశ్చిమాఫ్రికాలో ఇలాంటి వరసలను ఇనుప గంట మీద వాయిస్తారు. చెరకు తోటల కోసం క్యూబాకు బానిసలుగా తరలించిన యొరుబా, కాంగో ప్రజలు కబిల్దోలనే సంఘాల్లో తమ డోళ్లనూ దైవాలనూ నిలుపుకున్నారు. అక్కడ బానిసత్వం 1886లో గాని రద్దు కాలేదు. మతంజాస్, హవానా రేవుల్లోని నల్లజాతి కూలీలు ఉప్పుచేపలు వచ్చిన చెక్కపెట్టెలనే డోళ్లుగా చేసుకుని రుంబా ఆడారు. గిటారు, భాష స్పెయిన్‌వి, కాదనను. కానీ నీ నడుమును కదిలించేది ఆ డోళ్ల లయే. మీ వార్షికోత్సవంలో సల్సాను స్పెయిన్ నాట్యమని పరిచయం చేయబోతే ఒప్పుకోకు.

మతంజాస్‌లో 1952 నుంచి ఉన్న లాస్ మున్యెకితోస్ బృందం రుంబాను తప్పకుండా చూడు. కొలంబియా అనే రకంలో ఒక్కరే ఆడతారు. క్వింతో అనే సన్నగొంతు డోలు ఆ మనిషితో మాట్లాడుతుంది. ఒకసారి అడుగు అడిగితే డోలు జవాబిస్తుంది, ఒకసారి డోలే ముందు సవాలు విసురుతుంది. మోకాళ్లు వంగి, బరువంతా నేలకు దిగి ఉండటం చూడు. నిటారుగా బిగుసుకుంటే ఆ సంభాషణ సాగదు.

సాధనకు ఆర్సేనియో రొడ్రీగెస్ పాటలు పెట్టుకో. చూపులేని ఆ విద్వాంసుడి పూర్వికులు కాంగోవారు. 1940 ప్రాంతంలో ఆయన సోన్ అనే క్యూబా సంగీతం వాయించే బృందంలోకి కాంగా డోలును తెచ్చాడు. న్యూయార్క్‌లో ప్యూర్టోరికన్లూ క్యూబన్లూ తర్వాత పెంచిన సల్సాకు పునాది అక్కడే ఉంది. ఆయన నడక నిదానం కనుక నీకు అందుతుంది. చప్పట్ల పదహారులో కాదు, నీ అడుగుల లెక్కలో నాలుగు దగ్గర కాంగా మీద విప్పారి మోగే రెండు దెబ్బలు వెంటవెంటనే పడతాయి. వాటిని విన్నాకే తర్వాతి అడుగు వెయ్యి.

గిరికీలు ఇప్పుడే వద్దు. అవి చివర్లో చాలా సులువుగా వస్తాయి. క్లావే ఆపకుండా ఒక పాట మొత్తం చప్పట్లు కొట్టగలిగిన రోజున నాకు ఫోను చెయ్యి, రెండో పాఠం అప్పుడు చెబుతాను.

మీ పెదనాన్న