ఫ్లూ షాట్ తర్వాత భుజం దెబ్బతింది, సెటిల్‌మెంట్‌కి ఒప్పుకోవాలా?

"టీకా వల్లేనని ఒప్పుకోకుండా డబ్బిస్తామంటున్నారు, సంతకం పెట్టనా?" అని అడిగారు కదండీ. అమెరికాలో టీకా వల్ల గాయపడ్డవాళ్ళకి పరిహారమిచ్చే ప్రభుత్వ ప్రోగ్రామ్ ఇచ్చే రాజీ కాగితమే కదా అది. డాలస్‌లో నేనూ అలాంటిదే ముందు పెట్టుకుని రెండు రోజులు ఏడ్చాను. చివరికి సంతకం పెట్టాను.

నాకు ఫార్మసీలో వేసినావిడ నిలబడే, బాగా పైకి, దాదాపు భుజం ఎముక దగ్గరే సూది గుచ్చింది. ఆ రాత్రే నొప్పి మొదలైంది. వారం తిరిగేసరికి పాపకి జడ వేద్దామంటే కుడి చెయ్యి లేవలేదు. నెలల తరబడి పాప క్లిప్పు పెట్టుకునే స్కూలుకి వెళ్ళింది.

భుజం గాయాన్ని 2017లో ఈ ప్రోగ్రామ్ టేబుల్‌లో, అంటే ఏ టీకాకి ఏ గాయాన్ని లెక్కలోకి తీసుకుంటారో చెప్పే జాబితాలో, చేర్చారు. నొప్పి 48 గంటల్లోపు మొదలవ్వాలి, ఆరు నెలలు దాటి ఉండాలి. నా తప్పేంటంటే, అదే తగ్గుతుందిలే అని నాలుగో నెల దాకా డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదు. అక్కడ "కొన్ని వారాలుగా నొప్పి" అని రాసేశారు. ప్రభుత్వ లాయర్లు ఆ ముక్కే పట్టుకున్నారు. టీకా రోజు రాత్రి మా ఆయనకి పెట్టిన వాట్సాప్ మెసేజ్, "చెయ్యి లేవట్లేదు, వచ్చేటప్పుడు కూర తెచ్చెయ్", అదే నన్ను ఆదుకుంది. మీ ఫోన్‌లో కూడా వెతకండి.

విచారణ దాకా వెళ్తే ఇంకొన్నేళ్ళు, నొప్పి ఎప్పుడు మొదలైందన్న దగ్గర ఓడిపోయే భయం కూడా. "వాళ్ళు ఒప్పుకోలేదు" అన్న వాక్యం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కానీ ఈ ప్రోగ్రామ్‌లో చాలా పరిహారాలు ఇలా రాజీతోనే వస్తాయి. లాయర్ ఫీజు మీ వాటాలోంచి పోదు, దాన్ని ప్రోగ్రామ్ నిధి విడిగా ఇస్తుంది. ఆ నిధి టీకాల మీద పన్నుతో పోగైంది, ఫ్లూ డోసుకి 75 సెంట్లు. నొప్పికి, బాధకి ఇచ్చే సొమ్ముకి చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి 2,50,000 డాలర్లు. భుజం కేసులో అంత ఆశ పెట్టుకోకండి.

ఇంకా క్లెయిమ్ వేయనివాళ్ళు చదువుతుంటే, మొదటి లక్షణం కనిపించిన రోజు నుంచి మూడేళ్ళే గడువు. కోవిడ్ టీకాది వేరే ప్రోగ్రామ్, అక్కడ టీకా వేసిన రోజు నుంచి ఏడాదే.

దయచేసి దీన్ని చూసి టీకాలు మానకండి. నా భుజాన్ని పాడు చేసింది మందు కాదు, సూది గుచ్చిన చోటు. నేను ఏటా వేయించుకుంటూనే ఉన్నాను, స్లీవ్‌లెస్ వేసుకెళ్ళి, వేసేవాళ్ళని కూడా కూర్చోమని అడుగుతాను.

సంతకానికి ముందు ఒక్క పని చేయండి. ఇకముందు పట్టే ఫిజియోథెరపీ ఖర్చు, సెలవు పెట్టి పోగొట్టుకున్న జీతం ఆ అంకెలో కలిపారో లేదో మీ లాయర్‌ని అడగండి. ఆ డబ్బు ఒక్కసారే వస్తుంది, తర్వాత మళ్ళీ అడగడానికి ఉండదు.